ఏ పని ఫొటోలో చెయ్యాలి, ఏది సీఎస్ఎస్‌కి వదిలెయ్యాలి

నేను మొదటిసారి సొంతంగా వెబ్ పేజీ కట్టినప్పుడు అందులో 40 ఫొటోలు పెట్టాల్సి వచ్చింది. ఒక్కోదాన్నీ ఎడిటర్‌లో తెరిచి, మూలలు గుండ్రంగా కోసి, కోసిన చోట తెల్లరంగు నింపి, పాతకాలం ఫొటోలా కాస్త గోధుమ రంగు పట్టించి, కింద పేరు కూడా ఫొటో మీదే టైప్ చేసి, అదే ఫైల్ మీద సేవ్ కొట్టేశాను. రెండు రాత్రుల పని. పేజీ ముద్దొచ్చేలా ఉంది. వారం తిరక్కుండానే తెల్ల బ్యాక్‌గ్రౌండ్ కళ్లకి గుచ్చుకుంటోందని లేత బూడిద రంగుకి మార్చానో లేదో, ప్రతి ఫొటోకీ నాలుగు తెల్ల మూలలు పళ్లికిలించుకుంటూ బయటపడ్డాయి. సరిచేద్దామంటే ఒరిజినల్స్ లేవు, వాటి మీదే కదా సేవ్ కొట్టింది. గుండ్రటి మూలలు, గోధుమ రంగు, పేరు, ఈ మూడూ సీఎస్ఎస్‌లో (వెబ్ పేజీలో ఏది ఎలా కనపడాలో బ్రౌజర్‌కి చెప్పే భాష అది) నాలుగైదు లైన్లతో అయిపోయేవని తర్వాత తెలిసినప్పుడు ఏడవాలో నవ్వాలో అర్థం కాలేదు.

ఫొటో ఎడిటింగ్ నేర్పేవాళ్లు ఉన్నారు, సీఎస్ఎస్ నేర్పేవాళ్లూ ఉన్నారు, కానీ కొత్తవాళ్లకి దెబ్బ తగిలేది ఆ రెంటికీ మధ్య గట్టు మీద. ఫొటోలో ఏముంది, వెలుగెంత ఉంది, ఎన్ని పిక్సెళ్లున్నాయి అనేది ఎడిటర్ పని. ఆ ఫొటో పేజీలో ఏ ఆకారంలో, ఏ ఛాయలో, ఏ అక్షరాల పక్కన కనపడాలి అనేది సీఎస్ఎస్ పని. రేపు మనసు మారితే మార్చుకోవాల్సినవి ఏవైనా సరే ఫొటోలో కలిపెయ్యకండి.

తమాషా ఏంటంటే ఈ రెండు పనిముట్లూ ఒకే బుద్ధిని ఒకే ఏడాది నేర్చుకున్నాయి. ఫొటోషాప్ 1990లో వచ్చినా లేయర్లు, అంటే ఒకదాని మీద ఒకటి విడివిడిగా ఉండే పొరలు, మాత్రం 1994లో, మూడో వెర్షన్‌తో వచ్చాయి. అంతకు ముందు ఒక బొమ్మ మీద ఇంకోటి అతికిస్తే అతికినట్టే, విడదీయడం కుదిరేది కాదు. అదే 1994 అక్టోబరులో హోకోన్ వియుమ్ లీ అనే ఆయన వెబ్ పేజీలో విషయం వేరు, దాని అలంకారం వేరు, రెండూ విడివిడిగా ఉండాలని సీఎస్ఎస్‌ని ప్రతిపాదించాడు. కింద అసలు సరుకు చెక్కుచెదరకుండా ఉండాలి, మార్పులు పైన పొరల్లో ఉండాలి. రెండు చోట్లా సూత్రం అదే.

ముందే ఒక మాట. ఇందులో ప్రాపర్టీ పేర్లన్నీ (సీఎస్ఎస్‌లో మనం మార్చే ఒక్కో లక్షణం పేరు) తెలుగు లిపిలో రాస్తున్నాను, మీరు ఫైల్లో టైప్ చేసేటప్పుడు మాత్రం ఇంగ్లిష్ చిన్నక్షరాల్లో, నేను హైఫన్ పెట్టిన చోట హైఫన్‌తో రాయాలి.

ముందు ఫొటో సంగతి

టూల్ ఏది అని ఎక్కువ బుర్ర బద్దలు కొట్టుకోవద్దు. ఫొటోషాప్ డబ్బు పెట్టి వాడాల్సింది, గింప్ పూర్తిగా ఉచితం, ఫొటోపీ అయితే ఏమీ ఇన్‌స్టాల్ చెయ్యకుండా బ్రౌజర్‌లోనే తెరుచుకుంటుంది. నేను చెప్పేవన్నీ మూడింట్లోనూ ఉన్నాయి, మెనూలు అటూ ఇటూ ఉంటాయంతే.

కెమెరా నుంచి వచ్చిన ఫైల్‌ని ఒక ఫోల్డర్‌లో పడేసి దాని జోలికి వెళ్లకండి. కాపీ తీసి దాని మీద పని చెయ్యండి. పని చేసే ఫైల్‌ని లేయర్లతో సహా ఎడిటర్ సొంత ఫార్మాట్‌లో ఉంచుకుని, పేజీకి కావాల్సినది వేరుగా ఎక్స్‌పోర్ట్ చెయ్యండి. అంటే ఒక ఫొటోకి మూడు ఫైళ్లు. చాదస్తంలా అనిపిస్తుంది, నా 40 ఫొటోలు గుర్తు తెచ్చుకోండి.

తర్వాత సైజు. మామూలు 12 మెగాపిక్సెల్ ఫోన్ ఫొటో 4000 పిక్సెళ్ల వెడల్పు, 3000 ఎత్తు ఉంటుంది. మీ పేజీలో అది కనపడే చోటు 800 పిక్సెళ్ల వెడల్పే అనుకోండి. ఈ రోజుల్లో చాలా ఫోన్లు, కొన్ని ల్యాప్‌టాప్‌లు సీఎస్ఎస్ చెప్పే ఒక్కో పిక్సెల్‌కి అడ్డంగా రెండు, నిలువుగా రెండు అసలు పిక్సెళ్లు వాడతాయి కాబట్టి రెట్టింపు చేసి 1600 ఇస్తే చాలు, మిగతాదంతా మోత బరువే. ఇంకో సంగతి చాలామంది పట్టించుకోరు: జేపెగ్ ఫైల్ డిస్క్ మీద 3 ఎంబీయే ఉండొచ్చు, కానీ తెర మీద చూపించడానికి బ్రౌజర్ దాన్ని విప్పి ఒక్కో పిక్సెల్‌కి 4 బైట్ల చొప్పున మెమరీలో పరుచుకుంటుంది, అంటే 4000 ఇంటూ 3000 ఇంటూ 4, అక్షరాలా 48 ఎంబీ. అలాంటివి ఒక పేజీలో పది పెడితే పాత ఫోన్ నత్తలా పాకదా మరి! 1600 వెడల్పుకి తగ్గిస్తే అదే ఫొటో 8 ఎంబీ లోపే. అన్నట్టు, వెబ్‌కి 72 డీపీఐ (అంగుళానికి ఎన్ని చుక్కలు అనే లెక్క) పెట్టాలని ఎవరైనా చెప్తే నవ్వి ఊరుకోండి, ఆ అంకె ప్రింటింగ్‌కి, తెర మీద లెక్కలోకొచ్చేది పిక్సెళ్ల సంఖ్య ఒక్కటే.

వెలుగు సరిచెయ్యడానికి బ్రైట్‌నెస్ స్లైడర్ వైపు చెయ్యి పోతుంది, ఆగండి. లెవెల్స్ తెరవండి. కొండల వరసలాంటి ఒక గ్రాఫ్ కనిపిస్తుంది, అదే హిస్టోగ్రామ్. ఎడమ చివర 0 అంటే కటిక నలుపు, కుడి చివర 255 అంటే తెలుపు, ఫొటోలో ఏ వెలుగు పిక్సెళ్లు ఎన్ని ఉన్నాయో దాని ఎత్తు చెప్తుంది. మసకగా, పొగ పట్టినట్టున్న ఫొటోల్లో ఈ కొండలు మధ్యలోనే ఉండి రెండు పక్కలా ఖాళీ మైదానం మిగిలి ఉంటుంది. ఎడమ త్రికోణాన్ని కొండ మొదలయ్యే చోటికి, కుడి త్రికోణాన్ని కొండ ముగిసే చోటికి జరపండి. అంతే, ఫొటో కళ్లు నులుముకుని లేచినట్టవుతుంది. మధ్య త్రికోణంతో మధ్యస్థంగా ఉన్న వెలుగుని పెంచో తగ్గించో సర్దుకోవచ్చు. ఒక్క జాగ్రత్త: గ్రాఫ్ కుడి గోడకి గట్టిగా ఆనుకుని నిలబడి ఉంటే అక్కడి తెలుపులో వివరాలు కెమెరాలోనే పోయాయని అర్థం, ఆ ఫైల్‌ని ఎంత లాగినా ఆకాశంలో మబ్బులు తిరిగి రావు.

రంగు తేడాగా ఉంటే, బల్బు వెలుగులో తీసినవి పసుపుగా, నీడలో తీసినవి నీలంగా వచ్చినట్టు, లెవెల్స్‌లోనే ఉండే మధ్య డ్రాపర్ తీసుకుని నిజంగా బూడిద రంగులో ఉండాల్సిన వస్తువు మీద ఒకసారి నొక్కి చూడండి. పదికి ఏడుసార్లు అక్కడితో తేలిపోతుంది. శాచురేషన్ (రంగుల చిక్కదనం) మాత్రం పొదుపుగా. మొహాలు టొమాటోల్లా మారడం మొదలైతే రెండడుగులు వెనక్కి.

ఇక లేయర్ మాస్క్. కొత్తవాళ్లు ఒక్క విషయమే నేర్చుకుంటానంటే నేను ఇదే నేర్పుతాను. ఎరేజర్‌తో తుడిస్తే పోయింది పోయినట్టే. అదే లేయర్‌కి మాస్క్ తగిలిస్తే, మాస్క్ మీద నలుపు పూసిన చోట ఆ లేయర్ దాక్కుంటుంది, తెలుపు పూస్తే మళ్లీ కనిపిస్తుంది, బూడిద రంగు పూస్తే సగంసగం. ఎక్కువ తుడిచేశానే అనిపిస్తే తెల్ల బ్రష్ తీసుకుని తిరిగి రప్పించుకోవచ్చు, ఎన్నిసార్లయినా. ఉదాహరణకి మొహం చీకట్లో ఉండి వెనకంతా వెలుగున్న ఫొటో తీసుకోండి. లేయర్‌ని డూప్లికేట్ చేసి, పై కాపీని లెవెల్స్‌తో మొహం బాగా కనపడేంత వెలుగు చెయ్యండి, వెనకంతా తెల్లబారిపోతుంది, పోనివ్వండి. ఇప్పుడు ఆ పై లేయర్‌కి పూర్తి నల్ల మాస్క్ పెట్టండి, అది మాయమవుతుంది. మెత్తటి అంచున్న తెల్ల బ్రష్‌ని 30 శాతం ఒపాసిటీలో, అంటే పూత పల్చగా పడేలా, పెట్టుకుని మొహం మీద మెల్లమెల్లగా పూసుకుంటూ రండి. వెలుగు మొహం మీదే పడుతుంది, వెనక ఆకాశం అలాగే ఉంటుంది. ఈ ఒక్క అభ్యాసం రెండు మూడు ఫొటోల మీద చేస్తే మాస్క్ అంటే భయం పోతుంది.

అక్కర్లేని తీగలు, మరకలు తీసెయ్యాలంటే క్లోన్ స్టాంప్, హీలింగ్ బ్రష్. క్లోన్ ఉన్నదున్నట్టు కాపీ కొడుతుంది, హీలింగ్ కాపీ కొట్టిన దాన్ని చుట్టుపక్కల రంగులో కలిపేస్తుంది. చర్మం మీద మచ్చలకి, ఆకాశానికి హీలింగ్ బాగుంటుంది, గోడ అంచు లాంటి గీతల దగ్గర మాత్రం అది పులిమేస్తుంది కాబట్టి అక్కడ క్లోనే వాడండి. ఎక్కడి నుంచి కాపీ కొట్టాలో చూపించడానికి ఫొటోషాప్, ఫొటోపీల్లో ఆల్ట్ పట్టుకుని, గింప్‌లో కంట్రోల్ పట్టుకుని క్లిక్ చెయ్యాలి. ఒకే చోటి నుంచి మళ్లీ మళ్లీ తీస్తే ఒకే గడ్డిపోచ వరసగా ఐదుసార్లు కనిపించి గుట్టు రట్టవుతుంది, అందుకని మూల స్థానాన్ని తరచూ మారుస్తూ ఉండాలి. ఇదంతా కొత్త ఖాళీ లేయర్ మీద, అన్ని లేయర్ల నుంచి శాంపుల్ తీసుకునే ఆప్షన్ పెట్టుకుని చేస్తే అసలు ఫొటో భద్రంగా ఉంటుంది.

ఒక మనిషిని కత్తిరించి ఇంకో దృశ్యంలో పెట్టడం అందరికీ సరదా, అతికించినట్టు కనపడేదీ అక్కడే. దానికి కారణం సాధారణంగా కత్తిరింపు కాదు. వెలుగు ఎటు నుంచి వస్తోందో రెండు ఫొటోల్లో వేర్వేరుగా ఉంటుంది, నీడ ఉండదు, ఒకటి పసుపుగా ఇంకోటి నీలంగా ఉంటుంది. వెలుగు దిశ సరిపోకపోతే ఆ ఫొటోని వదిలేసి ఇంకోటి వెతుక్కోండి, ఎడిటింగ్‌తో దాన్ని మార్చడం మొదట్లో మన వల్ల కాదు. నీడ మాత్రం చెయ్యొచ్చు: మనిషికీ నేలకీ మధ్య ఒక లేయర్ పెట్టి, దాని బ్లెండ్ మోడ్ (కింది లేయర్‌తో ఎలా కలవాలో చెప్పేది) మల్టిప్లై చేసి, పాదాల కింద ముదురుగా సన్నగా, దూరం పోయేకొద్దీ లేతగా వెడల్పుగా మెత్తటి బ్రష్‌తో పూయండి. పాదం నేలని తాకే చోట ఆ కాస్త ముదురు లేకపోతే మనిషి గాల్లో తేలుతున్నట్టే ఉంటాడు. మల్టిప్లై అంటే నిజంగానే గుణకారం, తెలుపుని 1గా, నలుపుని 0గా లెక్కేసి పైదాన్నీ కిందిదాన్నీ గుణిస్తుంది, అందుకే అందులో తెలుపు మాయమవుతుంది, ముదురు మాత్రం మిగులుతుంది. దీన్ని గుర్తుంచుకోండి, సీఎస్ఎస్‌లో మళ్లీ వస్తుంది.

ఎంతవరకు మార్చొచ్చు అనే ప్రశ్న కూడా ఇక్కడే. 1982 ఫిబ్రవరి సంచికలో నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక, అడ్డంగా తీసిన గీజా పిరమిడ్ల ఫొటోని నిలువు ముఖచిత్రంలో ఇరికించడానికి కంప్యూటర్‌లో పిరమిడ్లని దగ్గరికి జరిపేసింది, అప్పటికి ఫొటోషాప్ పుట్టనేలేదు. దాని మీద గొడవ చాలాకాలం నడిచింది. వాళ్ల అవసరం మీకూ రోజూ వస్తుంది, అడ్డం ఫొటోని నిలువు పెట్టెలో పట్టించడం. దానికి పిరమిడ్లని జరపక్కర్లేని దారి కింద చెప్తాను. వార్తలా, సాక్ష్యంలా చూపించే ఫొటోలో వస్తువులు జరపకండి, వెలుగు సర్దడం వరకే. సరదా బొమ్మ అయితే మీ ఇష్టం.

ఎక్స్‌పోర్ట్ చేసే ముందు, సైజు తగ్గించాకే షార్పెన్ చెయ్యండి, ముందు చేస్తే తగ్గించడంలో ఆ పదునంతా కొట్టుకుపోతుంది. అన్‌షార్ప్ మాస్క్‌లో రేడియస్ 1 పిక్సెల్ లోపు, అమౌంట్ 80 శాతం దగ్గర మొదలుపెట్టి చూడండి. అంచుల చుట్టూ తెల్ల గీత కనిపిస్తే ఎక్కువైనట్టు.

ఫార్మాట్ సంగతి సింపుల్. ఫొటోలకి జేపెగ్, క్వాలిటీ 75 నుంచి 80 మధ్య. వెనకభాగం పారదర్శకంగా ఉండాల్సిన లోగోలు, అక్షరాలున్న స్క్రీన్‌షాట్లకి పీఎన్‌జీ. వెబ్‌పీ రెండు పనులూ చేస్తుంది, మామూలుగా ఫైల్ ఇంకా చిన్నదవుతుంది, ఇప్పటి బ్రౌజర్లన్నీ తీసుకుంటాయి. జేపెగ్ ఫొటోని 8 ఇంటూ 8 పిక్సెళ్ల గళ్లుగా కోసి ఒక్కో గడిలో కంటికి ఆనని వివరాలు పారేస్తుంది. తెరిచి, మార్చి, మళ్లీ జేపెగ్‌గా సేవ్ చేసిన ప్రతిసారీ ఇంకొంచెం పారేస్తుంది. జెరాక్స్‌కి జెరాక్స్ తీస్తూ పోయినట్టు. అలాగే ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు మెటాడేటా (ఫైల్లో ఫొటోతో పాటు దాగి ఉండే వివరాలు) దగ్గర టిక్ తీసెయ్యండి, ఫోన్‌లో లొకేషన్ ఆన్‌లో ఉండి తీసిన ఫొటోలో మీరెక్కడ నిలబడి తీశారో కూడా రాసి ఉంటుంది.

ఇక పేజీ మీదికి

సీఎస్ఎస్‌లో ప్రతి రూలూ ఒకేలా ఉంటుంది: ఎవరికి చెప్తున్నామో ముందు, తర్వాత ఫ్లవర్ బ్రాకెట్లు, వాటిలో ప్రాపర్టీ, కోలన్, విలువ, సెమీకోలన్. సెమీకోలన్ మర్చిపోతే ఆ లైనూ దాని కింది లైనూ రెండూ చచ్చిపోతాయి, ఎర్రర్ మెసేజ్ కూడా రాదు, గప్‌చుప్‌గా వదిలేస్తుంది. మొదట్లో సగం టెన్షన్ ఇక్కడే.

పేజీలో ఉన్నదేదైనా సరే బ్రౌజర్‌కి ఒక పెట్టె. లోపల సరుకు, దాని చుట్టూ ప్యాడింగ్ అనే ఖాళీ, దాని చుట్టూ బోర్డర్ అనే గీత, బయట మార్జిన్ అనే ఖాళీ. విడ్త్ 300 ఇచ్చి, ప్యాడింగ్ 20, బోర్డర్ 1 ఇస్తే పెట్టె తెర మీద 342 పిక్సెళ్లు ఆక్రమిస్తుంది, ఎందుకంటే మామూలుగా విడ్త్ అనేది సరుకుకే వర్తిస్తుంది. ఈ లెక్కలు పడలేకే అందరూ ఫైల్ మొదట్లోనే నక్షత్రం గుర్తుతో అన్నిటికీ బాక్స్-సైజింగ్ బోర్డర్-బాక్స్ అని పెట్టేస్తారు. మీరూ పెట్టెయ్యండి, ఇక 300 అంటే 300.

ఆ తర్వాత రాయాల్సిన మొదటి రూల్ ఫొటోలకి. పేజీలో ఫొటోని పెట్టే ఇమేజ్ ట్యాగ్‌కి (ఐఎంజీ అని రాస్తారు) మ్యాక్స్-విడ్త్ 100 శాతం, హైట్ ఆటో, డిస్‌ప్లే బ్లాక్. మొదటిది ఫొటో తన పెట్టె దాటి బయటికి పొంగకుండా చూస్తుంది, రెండోది మొహాలు సాగిపోకుండా. మూడోది ఎందుకంటే, బ్రౌజర్ ఫొటోని కూడా వాక్యంలో ఒక పెద్ద అక్షరంలాగే చూస్తుంది, లైన్ కిందికి దిగే అక్షరాల కోసం కాస్త చోటు వదులుతుంది, దాంతో ఫొటో కింద నాలుగైదు పిక్సెళ్ల ఖాళీ ఎక్కడి నుంచో వచ్చి కూర్చుంటుంది. మార్జిన్ సున్నా చేసినా, ప్యాడింగ్ సున్నా చేసినా పోదు. దీని మీద నేను ఒక సాయంత్రమంతా తగలేశాను.

ఇప్పుడు పిరమిడ్ల సమస్య. రకరకాల ఆకారాల ఫొటోలు ఒకే సైజు పెట్టెల్లో కనపడాలి. ఎడిటర్‌లో ఒక్కోటీ క్రాప్ చెయ్యకండి. ఫొటోకి విడ్త్ 100 శాతం, ఆస్పెక్ట్-రేషియో 4 బై 3, ఆబ్జెక్ట్-ఫిట్ కవర్ అని మూడు లైన్లు రాస్తే చాలు, ఫొటో సాగకుండా పెట్టె నిండా పరుచుకుని మిగిలింది కత్తిరించుకుపోతుంది. కత్తిరింపు మామూలుగా నడిమధ్య నుంచి జరుగుతుంది కాబట్టి నిలువు ఫొటోల్లో తలలు ఎగిరిపోవచ్చు, అప్పుడు ఆబ్జెక్ట్-పొజిషన్ 50 శాతం, 20 శాతం అని ఇస్తే పైభాగం నిలుస్తుంది. అసలు ఫైల్‌లో ఒక్క పిక్సెల్ కదలలేదు. రేపు 4 బై 3 వద్దు, చతురస్రం కావాలంటే ఒక్క అంకె మార్పు. గుండ్రటి మూలలకి బోర్డర్-రేడియస్ 12 పిక్సెల్స్. పూర్తి వృత్తం కావాలంటే 50 శాతం, కానీ పెట్టె చతురస్రంగా ఉంటేనే, లేకపోతే కోడిగుడ్డు వస్తుంది.

నా గోధుమ రంగు పిచ్చికి మందు ఫిల్టర్ అనే ప్రాపర్టీ. సెపియా 0.4, గ్రేస్కేల్ 1, కాంట్రాస్ట్ 1.1, బ్రైట్‌నెస్ 0.9, శాచురేట్ 1.2, బ్లర్ 3 పిక్సెల్స్, ఇలా ఒక్కోదాని విలువని మామూలు బ్రాకెట్లలో పెట్టి, ఎన్ని కావాలంటే అన్ని ఖాళీ వదిలి పక్కపక్కన రాయొచ్చు. వరుస కూడా ముఖ్యం, ముందు సెపియా వేసి తర్వాత గ్రేస్కేల్ 1 వేస్తే గోధుమ రంగు కాస్తా బూడిదపాలు. వేర్వేరు కెమెరాల్లో వేర్వేరు వెలుగుల్లో తీసిన ఫొటోలు ఒక పేజీలో కలవకపోతే అన్నిటికీ గ్రేస్కేల్ 1, కాంట్రాస్ట్ 1.1 వేసి చూడండి, ఒక్కసారిగా ఒకే ఇంటివాళ్లలా కనిపిస్తాయి. మౌస్ పెట్టినప్పుడు రంగు రావాలంటే హోవర్‌లో ఫిల్టర్ నన్ అని ఇచ్చి, మామూలు రూల్‌లో ట్రాన్సిషన్ 0.3 సెకన్లు పెట్టండి. ఫోన్‌లో మౌస్ ఉండదు కాబట్టి ముఖ్యమైన సమాచారం దేన్నీ హోవర్ వెనక దాచకండి.

ఇక్కడ ఒక గట్టి హెచ్చరిక. ఎవరి ఫోన్ నంబరో, బండి నంబరో, చిన్నపిల్లల మొహమో దాచాలంటే సీఎస్ఎస్ బ్లర్ దాచదు. అది కంటికి అడ్డం కట్టిన పల్చటి తెర మాత్రమే, చూసేవాడు ఫొటో మీద కుడి క్లిక్ కొట్టి కొత్త ట్యాబ్‌లో తెరిస్తే అసలు ఫొటో శుభ్రంగా కనిపిస్తుంది. ఇది ఖచ్చితంగా ఎడిటర్ పని. అక్కడ కూడా లేత బ్లర్ వద్దు, అక్షరాలకి వేసిన బ్లర్‌ని వెనక్కి ఊహించి చదవగలిగే పద్ధతులున్నాయి. చిక్కటి నల్ల పెట్టె గీసి, లేయర్లన్నీ కలిపేసి జేపెగ్‌గా ఎక్స్‌పోర్ట్ చెయ్యండి.

ఫొటో మీద అక్షరాలు

పేరుని ఫొటోలో టైప్ చేస్తే ఏమవుతుంది? సెర్చ్‌కి దొరకదు, కాపీ అవ్వదు, తెరని చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ వాడే అంధులకి వినపడదు, ఫోన్‌లో ఫొటోతో పాటు చీమలంత అయిపోతుంది. అందుకే అక్షరాలు ఎప్పుడూ అక్షరాలుగానే ఉండాలి. ఫొటోని ఒక పెట్టెకి బ్యాక్‌గ్రౌండ్‌గా ఇచ్చి, ఆ పెట్టెలో మామూలుగా హెడ్డింగ్ రాయండి. (ఇది అలంకారానికి పెట్టే ఫొటోలకే. ఫొటోయే విషయమైతే ఇమేజ్ ట్యాగ్ వాడి, ఆ ట్యాగ్‌కి ఉండే ఆల్ట్ అనే చోట అందులో ఏముందో ఒక వాక్యం రాయాలి.)

తెల్ల అక్షరాలు మబ్బుల మీద పడి కనిపించకపోవడం ఇందులో వచ్చే చిక్కు. చాలామంది వెంటనే పెట్టెకి ఒపాసిటీ 0.5 ఇస్తారు, దాంతో ఫొటోతో పాటు అక్షరాలు కూడా వెలిసిపోతాయి, ఎందుకంటే ఒపాసిటీ పెట్టెకీ దాని లోపలున్న వాటికీ అన్నిటికీ పడుతుంది. సరైన దారి, బ్యాక్‌గ్రౌండ్‌లో రెండు పొరలు ఇవ్వడం: ముందు లీనియర్-గ్రేడియంట్, కింద 70 శాతం నలుపు నుంచి పైకి పోయేకొద్దీ పారదర్శకంగా, కామా పెట్టి తర్వాత ఫొటో యూఆర్‌ఎల్. ముందు రాసింది పైన ఉంటుంది, ఎడిటర్‌లో లేయర్ల పట్టీలాగే. అక్షరాలు కింది భాగంలో పెడితే నలుపు మీద హాయిగా చదువుకోవచ్చు, పైన ఫొటో ఫొటోలాగే ఉంటుంది. ఎంత తేడా ఉంటే చదవగలరు అన్నదానికి కొలత కూడా ఉంది, వెబ్ అందుబాటు ప్రమాణాల ప్రకారం మామూలు అక్షరాలకి వెనక రంగుతో కనీసం 4.5కి 1, పెద్ద అక్షరాలకి 3కి 1 కాంట్రాస్ట్ ఉండాలి. బ్రౌజర్‌లో ఎఫ్12 నొక్కితే వచ్చే ఇన్‌స్పెక్టర్‌లో అక్షరాల రంగు మీద క్లిక్ చేస్తే క్రోమ్ ఈ అంకె చూపిస్తుంది. వెనక ఫొటో ఉంటే మాత్రం దాన్ని నమ్ముకోకండి, ఫొటోలో అన్నిటికన్నా తెల్లటి చోటు రంగు తీసుకుని పోల్చండి.

పేజీలో తెలుగు రాస్తుంటే ఇంకో మాట. ఇంగ్లిష్ పేజీల నుంచి ఎత్తుకొచ్చిన లైన్-హైట్ 1.2 మనకి చాలదు, పైన గుడులు, కింద వత్తులు ఒకదాన్నొకటి గుద్దుకుంటాయి. 1.7 దగ్గర మొదలుపెట్టండి. ఇటాలిక్ కూడా వద్దు, తెలుగు ఫాంట్లలో విడిగా గీసిన ఇటాలిక్ దాదాపు ఉండదు కాబట్టి బ్రౌజర్ అక్షరాన్ని పట్టుకుని పక్కకి వంచేస్తుంది, తాగి తూలుతున్నట్టుంటుంది.

మల్టిప్లై గుర్తుంచుకోమన్నాను కదా. ఎవరో ఇచ్చిన లోగో తెల్ల వెనకభాగంతో జేపెగ్‌లో ఉంది, మీ పేజీ లేత పసుపు. ఎడిటర్ తెరిచే ముందు లోగోకి మిక్స్-బ్లెండ్-మోడ్ మల్టిప్లై ఇచ్చి చూడండి. తెల్లటి డబ్బా మాయమైపోయి లోగో మాత్రం మిగులుతుంది. ముదురు రంగు పేజీ మీద ఇది పనిచెయ్యదు, లోగో కూడా చీకట్లో కలిసిపోతుంది. అప్పుడు కత్తిరించి పీఎన్‌జీ చేసుకోక తప్పదు. అలా కత్తిరించిన దానికి నీడ కావాలంటే బాక్స్-షాడో ఇవ్వకండి, అది పెట్టె చుట్టూ దీర్ఘచతురస్రంగా పడుతుంది. ఫిల్టర్‌లో డ్రాప్-షాడో ఇస్తే బొమ్మ ఆకారం చుట్టూనే పడుతుంది.

ఫొటోల వరసలకి గ్రిడ్ (గళ్ల అమరిక) వాడండి, పాతకాలం ఫ్లోట్‌లతో కుస్తీ అక్కర్లేదు. డిస్‌ప్లే గ్రిడ్, గ్యాప్ 16 పిక్సెల్స్, గ్రిడ్-టెంప్లేట్-కాలమ్స్‌కి రిపీట్, దాని బ్రాకెట్లలో ఆటో-ఫిల్, మిన్‌మ్యాక్స్, ఆ మిన్‌మ్యాక్స్ బ్రాకెట్లలో 240 పిక్సెల్స్, 1ఎఫ్ఆర్. ప్రతి పెట్టె 240 కన్నా తగ్గకూడదు, మిగిలిన చోటు సమంగా పంచుకోండి అని దీని అర్థం. పెద్ద తెర మీద ఐదు నిలువు వరసలు, ఫోన్‌లో ఒకటి, మీడియా క్వెరీ (తెర వెడల్పుని బట్టి వేరే రూల్స్) రాయకుండానే. అయితే పేజీ హెచ్‌టీఎంఎల్ ఫైల్ మొదట్లో ఉండే హెడ్‌లో, పేజీ వెడల్పు తెర వెడల్పంతే అని చెప్పే వ్యూపోర్ట్ మెటా ట్యాగ్ లేకపోతే ఫోన్ మీ పేజీని 980 పిక్సెళ్ల వెడల్పుందనుకుని మొత్తాన్నీ కుదించి చూపిస్తుంది, గ్రిడ్ పనిచెయ్యట్లేదని మీరు తల పట్టుకుంటారు.

మార్పు చేశాను, కనిపించట్లేదు అనే బాధ రోజూ ఉంటుంది. ముందు కంట్రోల్ షిఫ్ట్ ఆర్, బ్రౌజర్ దాచుకున్న పాత ఫైల్‌ని పక్కన పెట్టి కొత్తది తెస్తుంది. అయినా రాకపోతే ఎఫ్12లో ఆ లైన్ మీద అడ్డగీత ఉందేమో చూడండి, ఉంటే ఇంకో రూల్ దాన్ని ఓడించిందన్నమాట: ట్యాగ్ పేరు కన్నా క్లాస్ (ఒక గుంపుకి మనం పెట్టే పేరు), క్లాస్ కన్నా ఐడీ (ఒక్కదానికే పెట్టే పేరు) బలమైనవి, బలం సమానమైతే కింద రాసింది గెలుస్తుంది. కోపంలో ఇంపార్టెంట్ అని తగిలించకండి, తర్వాత దాన్ని ఓడించడానికి ఇంకో ఇంపార్టెంట్ రాయాల్సి వస్తుంది. సొంత కంప్యూటర్‌లో కనిపించిన ఫొటో సర్వర్‌లో పెట్టాక మాయమైతే ఫైల్ పేరులో పెద్దక్షరం చిన్నక్షరం తేడా ఉంటుంది, విండోస్ పట్టించుకోదు, లినక్స్ సర్వర్ పట్టించుకుంటుంది. పేర్లన్నీ చిన్నక్షరాల్లో, ఖాళీలు లేకుండా పెట్టుకోండి. సీఎస్ఎస్‌లో ఇచ్చే యూఆర్‌ఎల్ దారి కూడా సీఎస్ఎస్ ఫైల్ ఉన్న చోటి నుంచి లెక్క, పేజీ ఉన్న చోటి నుంచి కాదు.

నా 40 ఫొటోల సంగతంటారా, 13 పాత ఫోన్‌లో దొరికాయి. మిగతా 27కి నేను కోసిన మూలల కన్నా రెండు పిక్సెళ్లు ఎక్కువగా బోర్డర్-రేడియస్ ఇచ్చాను, తెల్ల మూలలు దాని బయటికి పోయి కనపడటం మానేశాయి. ఫొటోల మీద టైప్ చేసిన పేర్లు మాత్రం అలాగే ఉన్నాయి, వాటిలో ఒకదాంట్లో వత్తు తప్పు పడింది, చూసినప్పుడల్లా వెక్కిరిస్తుంది.